మొగలిగెడ్డ బెంగమ్మ తల్లి

దేవరరేవు మహానగరంలో బస్సు కాంప్లెక్సు నుండి పారిశ్రామికవాడకు పోయే సిటీ బస్సు ఎక్కి, ఓడరేవు గోడలు, ఇనుప ఖనిజపు ఎర్రటి గుట్టలు, చమురు శుద్ధి కర్మాగారపు గొట్టాలు దాటిన తరువాత, ఉక్కు కర్మాగారం రెండవ ద్వారం వద్ద దిగవలెను. ద్వారం లోపల, బొగ్గు మోసుకుపోయే బెల్టు కిందుగా, రైలు పట్టాలు ఒంపు తిరిగే చోట, కాస్త మెరక నేల మీద శ్రీ బెంగమ్మ తల్లి కొలువై ఉన్నది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. మసిబారిన మూడు రాళ్ళే మూలవిరాట్టు. మొదటిసారి వచ్చిన భక్తులు చేతులు జోడించి, "అమ్మవారు ఎక్కడండీ?" అని అడగడం కద్దు. ఆ రాళ్ళకు కళ్ళు దిద్దలేదు, వెండి తొడుగు వేయలేదు. వేయిస్తామని దాతలు ముందుకు వచ్చినా, పూజ చేసే ఆడపడుచు ఒప్పుకోలేదు. "పొయ్యికి నగలేల?" అని ఆమె నవ్వి ఊరుకుంటుంది.

తల్లికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఈ నగరం సంగతి కొంత తెలియాలి. దేవరరేవు మొదట్లో నీలిమందు, జనుము, వేరుసెనగ ఓడలకెత్తే చిన్న రేవు. ఒడ్డున పెంకుల గిడ్డంగులు, వాటి వెనుక జాలరిపేట, అంతే. రైలు వచ్చింది. బురద కయ్యను తవ్వి పెద్ద ఓడలు లోనికి వచ్చేలా చేశారు. కొండల నుండి మాంగనీసు దిగింది, ఆ వెనుక ఓడలు కట్టే కార్ఖానా, నూనె శుద్ధి, ఎరువులు, చివరికి ఉక్కు. ఒకనాడు కూలి కోసం రంగూనుకో కలకత్తాకో ఓడెక్కిన జనం, తరువాతి తరంలో ఇక్కడికే రైలు దిగారు. పై జిల్లాల ఆఫీసులూ, పెద్ద ఆసుపత్రీ, విశ్వవిద్యాలయమూ ఇక్కడికే చేరి, ఉత్తర జిల్లాలన్నిటికీ ఇది రాజధాని వంటిదైంది. అయితే నగరం ఒళ్ళు విరుచుకున్న ప్రతిసారీ దాని అంచున ఒక పల్లె కనబడకుండా పోయింది. మొగలిగెడ్డ అటువంటి పల్లె.

పూర్వం ఇక్కడ, ఇప్పుడు కొలిమి మండుతున్న చోటనే, మొగలి పొదల మధ్య నుండి ఒక గెడ్డ పారుతుండేది. దాని పేరే ఊరికి వచ్చింది. జీడిమామిడి తోటలు, తాటి వనం, గట్ల మీద జనుము, గెడ్డ వారన కాస్త వరి. ఊరి పొలిమేరలో మొగలమ్మ తల్లి చెక్క బొమ్మ ఉండేది. ఆ ఊళ్ళో దాలమ్మ, గురువులు అనే దంపతులు కాపురముండేవారు. వారికి పిల్లలు కలగలేదు. దాలమ్మకు ముత్యాలు అనే చెల్లెలు ఉండేది. తల్లి పోయేనాటికి ముత్యాలు ఇంకా పాలు మరవని బిడ్డ. అప్పటి నుండి దాలమ్మే దానికి తల్లి. కాపురానికి వచ్చేటప్పుడు కూడా చెల్లెలిని చంకన వేసుకునే వచ్చింది. గురువులు ఒక్కనాడూ మాట అనలేదు. మరదలికి పలకా బలపం కొనివ్వలేకపోయాడు గాని, జీడిపిక్కలు కాల్చిన రోజున మొదటి గుప్పెడు దాని చేతిలోనే పోసేవాడు.

ముత్యాలు పెద్దదై పోలయ్య అనే వాడిని మనువాడింది. పోలయ్య రేవు తవ్వకంలో పనిచేసే కూలి ముఠావాడు. రేవు పని ముగియగానే మేస్త్రీ ఆ ముఠా మొత్తాన్ని ఎక్కడో ఒడిశా అడవుల్లో కడుతున్న ఆనకట్టకు తరలించాడు. వెళ్ళే రోజున ముత్యాలు పొయ్యి దగ్గర కూర్చుని లేవనంటే లేవలేదు. దాలమ్మ దాని తల దువ్వి, పువ్వు పెట్టి, మూటలో అటుకులు కట్టి ఇచ్చింది.

"అప్పా, కడుపు పండితే పురిటికి నీ కాడికే ఒస్తాను. బాలింత కాయం నువ్వే వండి పెట్టాల" అంది ముత్యాలు.

"మరి ఇంకెవలు పెడతారే? ఈ పొయ్యి ఆరనిస్తానా నాను?" అంది దాలమ్మ.

ముఠా బండి జీడితోట మలుపు తిరిగే వరకు ముత్యాలు వెనక్కి చూస్తూనే ఉంది. అప్పచెల్లెళ్ళిద్దరికీ అక్షరం రాదు. ముఠా ఒక చోట నిలవదు. మొదట్లో అటు నుండి వచ్చే కూలీల చేత కబుర్లు తెలిసేవి. ముత్యాలు బాగుందట, ఒళ్ళు చేసిందట, అక్కడ చలి ఎక్కువట. తరువాత ఆ కబుర్లూ ఆగిపోయాయి.

అంతలో ఊళ్ళో దండోరా వేశారు. ఇక్కడ ఉక్కు కర్మాగారం వస్తుందని, ఊరు ఖాళీ చేయాలని, ఇంటికొక ఉద్యోగమూ, దూరంగా కాలనీలో స్థలమూ ఇస్తారని చెప్పారు. ఏడ్చినవారు ఏడ్చారు, సంబరపడినవారు సంబరపడ్డారు, ఎక్కువమంది ఆ రెండూ ఒకేసారి చేశారు. ఉక్కు రావాలని ఊరేగింపుల్లో నడిచినవారిలో ఈ ఊరి కుర్రకారు కూడా ఉన్నారు. అది తమ పెరట్లోకే వస్తుందని మాత్రం వారనుకోలేదు. గుమ్మాలు ఊడదీశారు, వాసాలు దించారు, పెంకులు గడ్డిలో చుట్టి బండ్లకెత్తారు. మొగలమ్మ తల్లి బొమ్మకు పసుపు నీళ్ళు పోసి, డప్పులతో, కొత్త చీరతో బండి ఎక్కించి కాలనీకి తీసుకుపోయారు.

దాలమ్మ కూడా అన్నీ సర్దింది. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పొయ్యి అంటే మూడు గెడ్డ రాళ్ళు, వాటి మధ్య బూడిద. గురువులు గునపంతో రాయి పెకలించబోతే అడ్డం పడింది.

"ఈటినిక్కడే ఒగ్గీ మావా."

"కాలనీలో రాళ్ళు దొరకవే. రాయన్నది లేని సోటది. పట్టుకుపోదాం."

"ఇయి తీసేస్తే ముత్తేలు ఎక్కడికొస్తాది?"

"కాలనీకొస్తాది. నోరు లేదేటి దానికి? అడుగుతాది."

"ఎవల్ని అడుగుతాది మావా? ఊరుంటే గదా సెప్పీ మనిసుండేది!"

గురువులు ఆ రాళ్ళను వదిలేశాడు. గునపం భుజాన వేసుకుని బండి వైపు నడిచాడు. మూడు రాళ్ళూ అక్కడే ఉండిపోయాయి.

మరునాటి నుండి దాలమ్మ కాలనీలో ఇంటి పని ముగించుకుని, చీపురు పుల్లలూ తాటాకులూ చంకన పెట్టుకుని, పాత ఊరికి నడిచి వచ్చేది. గోడలు లేని ఇంటిలో పొయ్యి వెలిగించి, ఇంత గంజి కాచి, పొద్దు వాలే వరకు దారి వైపు చూస్తూ కూర్చునేది. ఆమె కళ్ళముందే జీడితోట పోయింది. తాటివనం పోయింది. గెడ్డను పక్కకు మళ్ళించి కాలువలో పెట్టారు. మెరకలు చెక్కి పల్లాలు పూడ్చిన మీదట, పుట్టి పెరిగిన మనిషికి కూడా తూర్పు ఏదో పడమర ఏదో తెలియకుండా పోయింది. ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగిన గుర్తు ఆ పొగ ఒక్కటే. మట్టి మోయడానికి వచ్చిన కూలి తల్లులు ఆ పొయ్యి మీదనే పిల్లల పాలు కాచుకునేవారు. "అక్కా, ఎవరి కోసం చూస్తావు రోజూ?" అని అడిగేవారు. "మా సెల్లి గుంట ఒస్తాది" అనేది దాలమ్మ.

నేల చదును చేసే యంత్రం ఒకనాడు ఆ పొయ్యి దాకా వచ్చింది. దాన్ని నడిపేవాడు పంజాబు నుండి వచ్చిన ఒక నడివయసు సర్దారు. ఎదురుగా పొగ చూసి యంత్రం ఆపి కిందికి దిగాడు. దాలమ్మ లేచి, పొయ్యికి అడ్డంగా నిలబడి, ముత్యాలు కథంతా చెప్పింది. అతనికి వచ్చిన తెలుగు అంతంత మాత్రం. అయినా చివరి వరకు విన్నాడు.

"మాది కూడా ఊరు పోయింది, అమ్మా. చిన్నప్పుడు. దేశం మధ్య గీత పడింది, అటు ఉండిపోయింది" అన్నాడు. "మా అమ్మ రొట్టెలు కాల్చే పొయ్యి... బయట ఉండేది, వేపచెట్టు కింద."

పొయ్యి ముందు వంగి బూడిద వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. యంత్రాన్ని పక్క నుండి తిప్పుకుపోయాడు. చుట్టూ నేలంతా బల్లలా చదునైనా ఆ కాస్త చోటు మాత్రం మెరకగా మిగిలింది. నేటికీ భక్తులు ఎక్కే మెరక అదే.

కొంత కాలానికి కర్మాగారం చుట్టూ గోడ లేచింది. ద్వారాలు పెట్టారు. గురువులుకు ఖలాసీ ఉద్యోగం వచ్చి, మెడలో పాసు వేసుకుని లోపలికి పోసాగాడు. దాలమ్మ ఎప్పటిలాగే పుల్లలు చంకన పెట్టుకుని వస్తే కాపలా మనిషి ఆపాడు.

"పాసుందా అమ్మా?"

"నా పొయ్యి కాడికెల్లడానికి పాసేటి బాబూ?"

"లోపల పొయ్యిలు లేవమ్మా, కొలిమి ఉంది. పాసు లేనిదే పంపకూడదు. నా ఉద్యోగం పోతుంది."

అతను కసురుకోలేదు. నీళ్ళిచ్చి, నీడలో కూర్చోమన్నాడు. దాలమ్మ ఆ పుల్లల కట్ట ద్వారం పక్కనే వదిలేసి తిరిగి వచ్చి, చాప మీద పడుకుంది. జ్వరం లేదు, నొప్పి లేదు. అన్నం నోటికి పోదు, కన్ను మూత పడదు. కాలనీ ఆడవాళ్ళు చూసి, "ఇది బెంగ" అన్నారు. బెంగకు ఆసుపత్రిలో మందు లేదు. గురువులు చేతితో కలిపి పెట్టినా ముద్ద దిగేది కాదు. "నాను లోపలికెల్తున్నాను గదే, రోజూ నాను ఎలిగిస్తాను" అన్నాడతను. అన్నట్టే విరామం దొరికినప్పుడు వెళ్ళి నిప్పు రాజేసేవాడు కూడా. కాని ఖలాసీకి విరామం ఎంత? అతను పనిలోకి పోగానే అది ఆరిపోయేది. ఆ సంగతి అతను చెప్పకపోయినా దాలమ్మకు తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆమె కాలనీలోని కొత్త గుడి అరుగు మీద, స్తంభానికి ఆనుకుని కునుకు తీసింది. కలలో మొగలమ్మ తల్లి కనబడింది. నగలతో, కిరీటంతో కాదు. ఎండలో నడిచి వచ్చిన ముసలి పల్లెటూరి మనిషిలా, కొంగుతో మెడ తుడుచుకుంటూ పక్కన కూర్చుంది.

"ఓలే దాలీ, నువ్వొక్కదానివే బెంగెట్టుకున్నావనుకున్నావేటి?" అంది తల్లి. "నన్నూ బండెక్కించి తెచ్చీసారు. కొత్త గుడి కట్టారు, సున్నం కొట్టారు. బాగానే ఉంది. గానీ, గెడ్డ సప్పుడు లేకపోతే నాకు కన్నంటుకోదే. మొగలి వాసన లేదు. పొద్దు పొడిసినప్పుడు ఏ పక్కకి సూడాలో తెలీటం లేదు."

దాలమ్మ ఆ తల్లి కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

"ఏడవకు. నాను ఎల్లిపోతన్నాను. నీ పొయ్యిలోకే ఎల్తాను. నన్ను ఏ గేటుకాడ ఎవలాపుతారు? నిప్పు నాను సూసుకుంటాను. మీరు ఏడాదికోపాలి రండి, సాలు. ఇక్కడ బొమ్మకి దీపం పెట్టడం మాత్రం మానకండి, పాపం, అదీ నా రూపమే."

"మరి ముత్తేలొస్తాదా తల్లీ?"

తల్లి దాలమ్మ తల నిమిరి లేచి, పాత ఊరి దిక్కుకు నడిచిపోయిందట. మెలకువ వచ్చేసరికి గుడిలో ఎవరూ లేరు. ఆ సాయంత్రం పని దిగి వచ్చిన గురువులు గుమ్మంలోనే నిలబడిపోయి, "నువ్వెలా ఎల్లావే లోపలికి?" అని అడిగాడు. "నానెల్లడవేటి?" అంది దాలమ్మ. ఆ రోజు అతనికి పొయ్యి వైపు పోవడానికి తీరిక దొరకలేదు. సాయంకాలం చూస్తే నిప్పు కణకణలాడుతోంది. కూలి తల్లులను అడిగితే తాము రాజేయలేదన్నారు. దాలమ్మ కల సంగతి చెప్పింది. ఆ పూట ఆమె కడుపు నిండా అన్నం తిన్నది.

వానలు పట్టిన రోజుల్లో ముత్యాలు వచ్చింది.

ఆనకట్ట పని అయిపోయి, ముఠా విడిపోయి, పోలయ్య రాయి పడి కాలు విరిగి అక్కడి ఆసుపత్రిలో ఉండగా, నెలలు నిండిన ఆ పిల్ల ఒక్కతే రైలెక్కి, బస్సెక్కి, జీడితోట దగ్గర దిగుతానని కండక్టరుకు చెప్పింది. జీడితోట ఎక్కడుందని కండక్టరు అడిగాడు. తనకు తోచిన చోట దించేశాడు. చూస్తే గోడ, క్రేన్లు, ఎర్ర మట్టి. తాను పుట్టి పెరిగిన చోటు అవునో కాదో పోల్చుకోవడానికి ఒక్క చెట్టు లేదు. "మొగలిగెడ్డ ఎటు?" అని అడిగితే, ఆ పేరు ఎవరూ వినలేదు. అందరూ ఎక్కడెక్కడి నుండో వచ్చినవారే. మళ్ళించిన గెడ్డ కాలువ వెంట పోతే ఊరు రాకపోతుందా అని, వానలో ఆ గట్టునే నడిచింది. కాలువ గోడ కిందుగా లోపలికి పోయే చోట ఇంకా సందు మూయలేదు. దాని గుండా లోపలికి దూరింది. దూరాన పొగ కనబడింది.

అంత వానలోనూ ఆ పొయ్యి మండుతూనే ఉంది. పక్కన ఒక ముసలమ్మ తాటాకు గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది. "అప్ప కోసరమా? ఒస్తాది, కూకో" అని వేడి గంజి చేతికిచ్చింది. గంజి తాగుతుండగానే ముత్యాలుకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె కేకకు కూలి తల్లులు పరుగెత్తి వచ్చి, చీరలు అడ్డం పట్టారు. పొద్దు గుంకక ముందే ఆ పొయ్యి వెచ్చదనంలో ఆడబిడ్డ పుట్టింది.

కబురు గురువులుకు, గురువులు నుండి కాలనీకి చేరింది. దాలమ్మ వానలో చెప్పులైనా లేకుండా ద్వారం దగ్గరికి వచ్చి నిలబడింది. ఆనాటి కాపలా మనిషే ఉన్నాడు. ఈసారి పాసు అడగలేదు. లాంతరు తీసుకుని తానే ముందు నడిచాడు.

ముత్యాలు ఆమెను చూసి, "ఎంతసేపే అప్పా!" అని ఏడ్చింది. దాలమ్మ బిడ్డను ఎత్తుకుని, చెల్లెలి తడి జుట్టు కొంగుతో తుడిచింది. ఆ తరువాత గాని ముత్యాలుకు గుర్తు రాలేదు. "గంజి పోసిన ముసలమ్మ ఏదప్పా? గొడుగట్టుకున్నాది" అంది. కూలి తల్లులు తాము వచ్చేసరికి పొయ్యి దగ్గర ముత్యాలు తప్ప ఎవరూ లేరన్నారు. దాలమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోక, మూడు రాళ్ళ ముందు సాగిలపడి మొక్కింది. "బెంగ తెలిసిన తల్లివమ్మా, బెంగమ్మ తల్లీ!" అన్నది. ఆ పిలుపే తల్లికి స్థిరమైన పేరైంది.

పోలయ్య కాలు కుదిరి కాలనీకి చేరాడు. బిడ్డకు మొగలమ్మ అని పేరు పెట్టుకున్నారు. ముత్యాలు కోరినట్టే దాలమ్మ చెల్లెలికి కాయం తానే వండి పెట్టింది. అయినా ఆమె మనసు పూర్తిగా కుదుటపడలేదని పెద్దలు చెబుతారు. పొద్దు వాలే వేళకు కాలనీ చివరి వీధికి వచ్చి, గోడ అవతల లేచే మంటల వెలుగు చూస్తూ నిలబడేది. "ముత్తేలొచ్చీసింది గదే, ఇంకేటి సూస్తావు?" అని గురువులు అడిగితే, "ముత్తేలొచ్చింది మావా, ఊరు రాలేదు" అనేదట.

కాలనీవారంతా కలిసి విన్నవించుకోగా, కర్మాగారం పెద్దలు ఏడాదికొక దినం ఆ చోటికి వచ్చి పూజ చేసుకోవడానికి అనుమతించారు. నాటి నుండి ఆషాఢ మాసంలో చివరి ఆదివారం ద్వారం తెరుస్తారు. మొగలిగెడ్డ కుటుంబాలవారు తలా మూడు రాళ్ళు తెచ్చుకుని, తమ తమ ఇళ్ళు ఉండిన చోట్లు పోల్చుకుని పొయ్యిలు పెడతారు. "ఇది మా పెరడు", "కాదు, మీది ఆ స్తంభం అవతల" అని ముసలివాళ్ళు వాదులాడుకుంటారు. పిల్లలు వింతగా చూస్తారు. గొట్టాల కింద, పట్టాల వారన, ఊరంతా ఒక్క పూట పొగలు చిమ్ముతుంది. పరమాన్నం వండి తల్లికి పెట్టి, సాయంకాలం ద్వారం మూసే ముందు నిప్పు మీద నీళ్ళు చల్లి బయటికి వస్తారు. తల్లి పొయ్యి మీద మాత్రం ఎవరూ నీళ్ళు చల్లరు.

ఇప్పుడు ఈ దినాన మొగలిగెడ్డవారే కాక, నగరమంతటి నుండి జనం వస్తున్నారు. పాలమూరు మేస్త్రీలు, బీహారు వెల్డర్లు, ఒడిశా ఖలాసీలు, హాస్టళ్ళలో ఉండి చదివే ఆడపిల్లలు, ఆనకట్టలకూ గనులకూ ఊళ్ళు ఇచ్చివచ్చినవారు. ఇక్కడ అర్చనకు గోత్రం అడగరు. నక్షత్రం అడగరు. పూజ చేసే మొగలమ్మ, ఆనాడు ఈ పొయ్యి పక్కన పుట్టిన బిడ్డే, ఒక్కొక్కరిని "ఏ ఊరమ్మా?", "ఏ ఊరు బాబూ?" అని అడుగుతుంది. భక్తులు తాము వదిలివచ్చిన ఊరి పేరు తల్లి ముందు గట్టిగా చెప్పాలి. అదే మంత్రం. కొందరు చెప్పలేక నిలబడిపోతారు. మొగలమ్మ తొందరపెట్టదు. వెనుక వరుస కూడా తొందరపెట్టదు. చెప్పిన పేరును ఆమె మళ్ళీ ఒకసారి, తప్పు లేకుండా, తల్లికి వినిపిస్తుంది. ఆ ఊరు నీళ్ళలో ఉన్నా, గోడల వెనుక ఉన్నా, పటంలో లేకపోయినా సరే.

అలా పేరు చెప్పి బూడిద బొట్టు పెట్టుకున్నవారికి ఆ రాత్రి తమ ఊరు కలలో కనబడుతుందని, తప్పిపోయినవారి కబురు తెలుస్తుందని, తిండి మానిన బిడ్డలు అన్నం తింటారని భక్తుల అనుభవం. శ్రీ బెంగమ్మ తల్లి అందరినీ వారి వారి ఊళ్ళ పేర్లతో గుర్తుపెట్టుకొనుగాక.